ఫెలోషిప్ ఆగిన నెలలో స్కాలర్లు ఏం తింటారు?

పీహెచ్‌డీ చేసేవాళ్ల ఆరోగ్యం మాట వస్తే అందరూ యోగా, ధ్యానం, టైమ్ మేనేజ్‌మెంట్ గురించే చెబుతారు. అవీ అవసరమే. కానీ మన యూనివర్సిటీల్లో రీసెర్చ్ స్కాలర్ ఒళ్లు చెడిపోవడం అకౌంట్లో డబ్బు పడని నెలతో మొదలవుతుంది. ఆ నెల మెస్ బిల్లు బాకీ పడుతుంది. పొద్దున టిఫిన్ మానేస్తారు. పన్ను నొప్పికి మెడికల్ షాపులో మాత్ర కొని సరిపెట్టుకుంటారు. ఇంటినుంచి ఐదారు వేలు తెప్పించుకోగలిగేవాళ్లు ఎలాగో గడుపుకొస్తారు. తన ఫెలోషిప్‌లోంచే తమ్ముడి ఫీజు కట్టేవాళ్లకు, అమ్మ మందులకు పంపేవాళ్లకు ఆ నెల పస్తే. కుటుంబంలో మొదటిసారి పీజీ దాటిన పిల్లలు ఎక్కువగా ఈ రెండో వరుసలోనే ఉంటారు. ఆరోగ్యాన్నీ సామాజిక న్యాయాన్నీ విడదీసి మాట్లాడటం నాకు చేతకాదు.

ముందు లెక్కలు చూద్దాం. నెట్ పరీక్ష ద్వారా యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37,000, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000 రూపాయలు. 2023 జనవరి 1 నుంచి ఈ రేట్లు అమల్లో ఉన్నాయి. మొదటి రెండేళ్లు జేఆర్‌ఎఫ్, తర్వాత మూడేళ్లు ఎస్‌ఆర్‌ఎఫ్, మొత్తం ఐదేళ్లు. హాస్టల్ గది లేనివాళ్లకు ఇంటి అద్దె భత్యం విడిగా వస్తుంది. హైదరాబాద్‌లో 30 శాతం, విశాఖ, విజయవాడ, గుంటూరు, వరంగల్ లాంటి చోట్ల 20 శాతం, చిన్న ఊళ్లలో 10 శాతం. కంటింజెన్సీ, అంటే పుస్తకాలు, ప్రయాణం, ప్రింటింగ్ లాంటి ఖర్చులకు ఇచ్చేది, ఆర్ట్స్ వాళ్లకు మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, తర్వాత 20,500. సైన్స్ వాళ్లకు 12,000, తర్వాత 25,000. నెట్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరినవాళ్లకు నెలకు 8,000 ఇస్తారు. ఆ నాన్-నెట్ ఫెలోషిప్‌ను కూడా ఎత్తేస్తామంటే 2015లో ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు విద్యార్థులు రోజుల తరబడి కూర్చున్నారు. మొత్తం మాత్రం ఇప్పటికీ పెరగలేదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామందికి ఆ 8,000 కూడా లేదు. పార్ట్ టైమ్ పాఠాలు చెబుతూ, కోచింగ్ సెంటర్లలో పేపర్లు దిద్దుతూ థీసిస్ రాస్తుంటారు.

కాగితం మీద 37,000 ఉన్నా, అది చేతికి రావడం వేరే కథ. ప్రతి నెలా స్కాలర్ హాజరు కాగితం మీద గైడ్ సంతకం పెట్టాలి. ఆపైన విభాగాధిపతి (హెచ్‌ఓడీ), కొన్నిచోట్ల డీన్. తర్వాత అది ఫెలోషిప్ సెక్షన్‌కు వెళుతుంది. అక్కడ ఒకరు పోర్టల్‌లో వివరాలు ఎక్కిస్తారు, ఇంకొకరు సరిచూసి ఆమోదిస్తారు. వాళ్లను మేకర్, చెకర్ అంటారు. చెకర్ ఆమోదం పడ్డాకే కెనరా బ్యాంకు పోర్టల్ ద్వారా డబ్బు నేరుగా ఖాతాకు వస్తుంది. గైడ్ సెమినార్‌కని ఊరెళ్లినా, మేకర్ సెలవు పెట్టినా, చెకర్ లాగిన్ పాస్‌వర్డ్ మార్చాల్సి వచ్చినా ఆ నెల తప్పిపోతుంది. ఒక నెల తప్పితే తర్వాతి నెలతో కలిపి పంపాలి, దానికి మళ్లీ ఒక కాగితం. అందుకే గైడ్ సంతకం నెలాఖరుదాకా ఆగకుండా చివరి వారం మొదట్లోనే తీసుకోండి. సెక్షన్‌లో ఇచ్చిన ప్రతి కాగితానికీ జిరాక్స్ మీద అందినట్టు ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర లేకపోతే మీరు కాగితం ఇచ్చినట్టే కాదు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుతో. పదో తరగతి మెమోలో ‘కె. రమేష్’ అని ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా రాసి ‘కొండా రమేష్’ అని ఉంటుంది. బ్యాంకులో ‘రమేష్ కొండా’. నెట్ సర్టిఫికెట్ మెమో ప్రకారం, ఖాతా ఆధార్ ప్రకారం. మూడూ ఒకే మనిషివని మనకు తెలుసు, పోర్టల్‌కు తెలియదు. చేరకముందే అన్నీ ఒకే తీరుగా మార్పించుకోవాలి. మెమో మార్చడం కష్టం కాబట్టి ఆధార్‌నూ బ్యాంకు ఖాతానూ దానికి అనుగుణంగా మార్చుకోవడం తేలిక. ఇంకొకటి, ఖాతాకు ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు. నేరుగా డబ్బు పడాలంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఆ ఖాతాయే ఆధార్‌కు ముడిపడి ఉండాలి. ఒక ఆధార్‌కు ఒకే ఖాతా ముడిపడుతుంది. ఎప్పుడో ఊళ్లో గ్యాస్ సబ్సిడీకో ఉపాధి హామీకో తెరిచిన ఖాతా ముడిపడి ఉంటే డబ్బు అటు పోతుంది, లేదా వెనక్కి తిరిగిపోతుంది. బ్యాంకుకు వెళ్లి ఆధార్ సీడింగ్ ఏ ఖాతాకు ఉందో చూపించమని అడగండి.

రెండేళ్లు నిండగానే ఎస్‌ఆర్‌ఎఫ్‌కు మారడం దానంతటది జరగదు. గైడ్, హెచ్‌ఓడీ, బయటినుంచి ఒక సబ్జెక్టు నిపుణుడు కూర్చుని మీ పని చూసి, ఫారం మీద సంతకాలు పెట్టాలి. బయటి నిపుణుడి తేదీ దొరకక ఇది ఆరు నెలలు సాగిన సందర్భాలు కొల్లలు. రెండేళ్లు నిండడానికి మూడు నెలల ముందే తేదీ అడగండి. కంటింజెన్సీ బిల్లుల విషయంలో ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుందని మరచిపోకండి. పుస్తకం, ఫీల్డ్‌వర్క్ ప్రయాణం, ప్రింటింగ్, దేనికైనా అసలు బిల్లు మీ పేరు మీద ఉండాలి. ఏప్రిల్‌లో తెచ్చిన ఫిబ్రవరి బిల్లును చాలా సెక్షన్లు తిప్పి పంపేస్తాయి.

ఎస్సీ స్కాలర్ల జాతీయ ఫెలోషిప్, ఓబీసీ స్కాలర్ల జాతీయ ఫెలోషిప్ 2022 దాకా యూజీసీ చూసేది. ఆ ఏడాది అక్టోబరు నుంచి ఎస్సీలది జాతీయ ఎస్సీ ఆర్థికాభివృద్ధి సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్‌డీసీకి, ఓబీసీలది వెనుకబడిన తరగతుల కోసం అలాంటిదే అయిన ఎన్‌బీసీఎఫ్‌డీసీకి మారింది. ఎస్టీలది గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర ఉంది. అంటే ఒకే హాస్టల్లో ఒకే పని చేస్తున్న నలుగురికి డబ్బు నాలుగు దారుల్లో రావాలి. యూజీసీ దారిలో ఉన్నవాళ్లకు ఈ నెలలో పడుతుంది, మిగతావాళ్లు ఎదురుచూస్తుంటారు. సెక్షన్‌లో అడిగితే ‘మీది మా దగ్గర లేదు, ఢిల్లీకి రాయండి’ అంటారు. మైనారిటీ విద్యార్థులకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను అయితే కొత్తవాళ్లకు ఇవ్వబోమని కేంద్రం 2022 డిసెంబరులో చెప్పేసింది. ఇతర పథకాలతో పునరావృతమవుతోందన్నది పార్లమెంటులో చెప్పిన కారణం. ఓబీసీ జాబితాలో లేని ముస్లిం విద్యార్థికి నెట్ జేఆర్‌ఎఫ్ రాకపోతే ఇక ఏ తలుపు తట్టాలో ఆ జవాబులో లేదు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న చనిపోయిన రీసెర్చ్ స్కాలర్ రోహిత్ వేముల చివరి ఉత్తరం గురించి అందరూ మాట్లాడతారు. నక్షత్రాల గురించి, సైన్స్ గురించి అతను రాసినది చాలామందికి గుర్తుంది. అదే ఉత్తరంలో ఒక లెక్క కూడా ఉంది. ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు తనకు రావాల్సి ఉందని, అది తన కుటుంబానికి అందేలా చూడమని, అందులోంచి ఒక మిత్రుడికి నలభై వేల దాకా ఇవ్వమని రాశాడు. ఏడు నెలలు. అప్పటి రేటు నెలకు 25,000. ఆ నలభై వేలు ఒక మిత్రుడి జేబులోంచి వచ్చాయంటే, ఆ ఏడు నెలలు అతనికి అండగా నిలిచింది ఏ కౌన్సెలింగ్ సెంటరో కాదు. రోహిత్ గురించి రాసేవాళ్లెవరైనా ఆ లెక్కను వదిలేస్తే సగమే రాసినట్టు.

డబ్బు ఆగితే నోటితో అడుగుతూ తిరగకండి. ఏ నెలలు, ఎంత, ఏ తేదీన కాగితం ఇచ్చారు, ఇన్‌వర్డ్ నంబరు ఎంత, ఇవన్నీ రాసి రిజిస్ట్రార్‌కు ఉత్తరం ఇవ్వండి, అదే ఈమెయిల్ కూడా చేయండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆర్టీఐ వేయండి. కేంద్ర సంస్థకైతే రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలు. ‘నా ఫెలోషిప్ ఎందుకు రాలేదు’ అని అడిగితే పొడిపొడి జవాబు వస్తుంది. ‘నా ఫైలు ఏ తేదీన ఏ అధికారి దగ్గరకు వెళ్లింది, ఎన్ని రోజులు ఉంది, నోట్ షీట్ నకలు ఇవ్వండి’ అని అడగండి. అప్పుడు ఫైలు కదులుతుంది. బాకీ ఉందని హాస్టల్ ఖాళీ చేయమంటే ఇంకో ఆధారం ఉంది. స్కాలర్‌షిప్ ఆలస్యమైందన్న కారణంతో విద్యార్థులను పరీక్షలనుంచీ తరగతులనుంచీ హాస్టల్‌నుంచీ దూరం పెట్టకూడదని, సర్టిఫికెట్లు ఆపకూడదని సుప్రీం కోర్టు 2026 జనవరిలో చెప్పింది. ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన టాస్క్‌ఫోర్స్ వేసిన అమిత్ కుమార్ కేసులో వచ్చిన ఆదేశం అది. వార్డెన్‌కు ఇచ్చే ఉత్తరంలో ఆ కేసు పేరు రాయండి.

ఇక తిండి. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకునే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలన్నది వాళ్ల సిఫార్సు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. మెస్‌లో పలచటి సాంబారు, వేపుడు, అన్నం, మజ్జిగతో రెండు పూటలా కడుపు నిండుతుంది, ఆ 50 మాత్రం రాదు. ఉడికించిన గుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 6, గ్లాసు పాలల్లో 6, ముప్పై గ్రాముల కందిపప్పులో 7 దాకా ఉంటాయి. రోజుకు రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు చేర్చుకుంటే 18 గ్రాములు అదనం. డబ్బు లేని నెలలో అన్నిటికంటే చవకైన దారి ఇదే. మెస్ కమిటీలో ఉన్నవాళ్లు గుడ్డు వారానికి రెండుసార్లు కాకుండా రోజూ పెట్టించేలా పట్టుబట్టాలి. అది స్వీట్ల మెనూ కంటే ముఖ్యం.

అమ్మాయిల్లో ఎప్పుడూ నీరసంగా ఉండటం, మెట్లెక్కితే ఆయాసం, జుట్టు రాలడం కనిపిస్తే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. 12 కంటే తక్కువుంటే రక్తహీనత. మగవాళ్లకు ఆ గీత 13. క్యాంపస్ హెల్త్ సెంటర్లో ఈ పరీక్ష సులువుగా చేస్తారు. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే ఒంటికి పట్టదు. కనీసం గంట ఎడం ఉంచాలి, నిమ్మరసంతో వేసుకుంటే మంచిది. రాత్రి రెండింటిదాకా టీ మీదే బతికే స్కాలర్లకు ఈ ఒక్క మాట చెప్పాలి.

పెద్ద జబ్బు వస్తే ఎవరి గొడుగు కిందికి వస్తారన్నది ఎక్కువమంది ఆలోచించని విషయం. అమ్మానాన్నల పాలసీల్లో పిల్లలకు వయసు పరిమితి ఉంటుంది, సాధారణంగా 25. స్కాలర్ వయసు 27, 30. ఫెలోషిప్ జీతం కాదు కాబట్టి ఈఎస్‌ఐ లేదు. ఉద్యోగిగా చూడరు, పిల్లల్లోనూ చేర్చరు. కొన్ని యూనివర్సిటీలు ఫీజుతోపాటే బీమా తీసుకుంటాయి. ఆ కార్డు నంబరు ఎంత, పరిమితి ఎంత, ఏ ఆస్పత్రులు అన్నది చేరిన వారంలోనే తెలుసుకోండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. అది రేషన్ కార్డులో పేరున్నవాళ్లకు. నగరానికి వచ్చేశామని ఊళ్లో కార్డులోంచి పేరు తీయించుకోకండి, ఈ-కేవైసీ పూర్తయిందో లేదో చూసుకోండి. బయటి రోగిగా చూపించుకునే ఖర్చులు ఎక్కువగా ఇందులో రావు.

ల్యాబ్ వాళ్లకు ఒక మాట. సన్నటి నైట్రైల్ తొడుగుల్లోంచి క్లోరోఫాం చాలా త్వరగా దిగుతుంది. చేతికి పడితే తొడుగు వెంటనే మార్చాలి, కడిగి మళ్లీ వాడకూడదు. జెల్‌గా గట్టిపడకముందు అక్రిలమైడ్ నరాలకు విషం, పొడి తూచేటప్పుడు మాస్క్ ఉండాల్సిందే. గర్భం వచ్చిన స్కాలర్ ఆ సంగతి గైడ్‌కు చెప్పి ఇలాంటి పనులు వేరేవాళ్లకు అప్పగించాలని అడగవచ్చు. అడగడానికి భయపడే పరిస్థితి ఉంటే ఆ ల్యాబ్‌దే తప్పు.

మనసు గురించి. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా రోజంతా నిద్ర, తిండి సయించకపోవడం, నేను ఎందుకూ పనికిరాననిపించడం ఉంటే అది బద్ధకం కాదు. డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉంది. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరును కలవాలి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాకుండా ఏ అంకె వచ్చినా మొత్తం ఎంతన్నది పక్కనపెట్టి ఆ రోజే ఒక మనిషితో మాట్లాడాలి. టెలిమానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. మందులు మొదలుపెడితే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే పనిచేయడం లేదని ఆపేయడం, బాగైందని ఉన్నట్టుండి మానేయడం రెండూ ప్రమాదమే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మీరు చెప్పుకున్నది డాక్టరో కౌన్సెలరో గోప్యంగా ఉంచాలి. గైడ్ అడిగినా చెప్పకూడదు. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీం కోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలని ఉంది. మీ యూనివర్సిటీలో ఆ మనిషి ఉన్నారా, వారానికి ఎన్ని రోజులు, తెలుగు వస్తుందా అని అడగండి. ఇంగ్లిష్‌లో బాధ చెప్పుకోలేక లేచొచ్చేసే పిల్లలు చాలామంది.

గైడ్‌తో సంబంధం చెడితే ఆరోగ్యం ఎంత త్వరగా చెడుతుందో తెలిసిందే. ప్రతి మీటింగ్ తర్వాత ‘ఈరోజు మీరు చెప్పినవి ఇవి, వచ్చే వారానికి నేను చేసేవి ఇవి’ అని నాలుగు వాక్యాల ఈమెయిల్ పంపడం అలవాటు చేసుకోండి. స్కాలర్ పని ఎంతవరకు వచ్చిందో చూసే రీసెర్చ్ అడ్వయిజరీ కమిటీ ప్రతి సెమిస్టర్ కూర్చోవాలని యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఉంది. అది కూర్చోకపోతే హెచ్‌ఓడీకి రాయండి. గైడ్‌ను మార్చుకోవాలంటే ముందు ఖాళీ ఉన్నవాళ్లను వెతకండి. ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4 వరకే పరిమితి. కొత్త గైడ్ ఒప్పుకున్నాకే దరఖాస్తు పెట్టండి, లేకపోతే మధ్యలో వేలాడతారు.

కులవివక్ష విషయంలో యూజీసీ 2012 నిబంధనలు చదవాల్సినవి. తరగతిలో కులం పేరు ప్రకటించడం, ల్యాబ్‌లోకి రానిచ్చి పని చేయనివ్వకుండా ఖాళీగా కూర్చోబెట్టడం, అధ్యాపకులను కలవడానికి కొందరికి తక్కువ సమయం ఇవ్వడం, ఇవన్నీ అందులో వివక్షగా పేరుపెట్టి ఉన్నాయి. వివక్ష వ్యతిరేక అధికారి 60 రోజుల్లో తేల్చాలి. 2026 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి, ఆ నెలాఖరులోనే సుప్రీం కోర్టు వాటిపై స్టే ఇచ్చి 2012వి కొనసాగుతాయని చెప్పింది. ఫిర్యాదులో ‘నన్ను అవమానించారు’ అనే వాక్యం నిలబడదు. తేదీ, చోటు, అన్న మాట అన్నట్టుగా, విన్నవాళ్ల పేర్లు రాయండి. లైంగిక వేధింపుల మీదైతే సంస్థలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీ (ఐసీసీ)కి మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, కారణం చూపితే ఇంకో మూడు నెలలు. 2015 యూజీసీ నిబంధనల ప్రకారం విచారణ నడుస్తున్నప్పుడు ఆరోపణ ఉన్న అధ్యాపకుడు మీ పనిని మూల్యాంకనం చేయకుండా ఆపమని అడగవచ్చు. చాలామంది అమ్మాయిలు థీసిస్ పోతుందన్న భయంతోనే ఫిర్యాదు మానుకుంటారు. ఈ ఒక్క నియమం ముందే తెలిస్తే కొందరైనా ఆగరు.

చివరగా ఆరో ఏడాది. 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గరిష్ఠంగా ఆరేళ్లు, ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, స్త్రీలకూ నలభై శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకూ ఇంకో రెండేళ్లు. స్త్రీలకు ప్రసూతికి, పిల్లల సంరక్షణకు కోర్సు మొత్తంలో 240 రోజులు. డబ్బు మాత్రం ఐదేళ్లకే ఆగిపోతుంది. ఐదేళ్లలో తేలని ఫీల్డ్‌వర్క్ ఉన్నవాళ్లు, మధ్యలో జబ్బుపడ్డవాళ్లు, పిల్లలున్నవాళ్లు రాతపని అంతా చేతిలో రూపాయి లేకుండా చేస్తారు. నాలుగో ఏడాది మొదట్లోనే అధ్యాయాల తేదీలు గైడ్‌తో రాసుకోండి, డబ్బు ఉన్నప్పుడే నెలకు మూడు నాలుగు వేలు పక్కన పెట్టండి. థీసిస్ సమర్పించిన రోజే ఫెలోషిప్ ఆగుతుంది, బాకీలు లేవన్న నో డ్యూస్ కాగితంతోపాటే హాస్టల్ గదీ పోతుంది, వైవా అనే మౌఖిక పరీక్ష మాత్రం ఎప్పుడో. సమర్పించిన ఆరు నెలల్లో ఫలితం ఇవ్వాలని నిబంధన ఉంది. ఐదో నెల రాగానే పరీక్షల కంట్రోలర్‌కు ఉత్తరం పెట్టి, పరీక్షకులకు థీసిస్ ఏ తేదీన పంపారో రాతపూర్వకంగా అడగండి.